దొంగ కాలి కింద బ్రేకు

పోయిన వారం మనం చుక్కను ఒక గాజుతలుపు వెనక నిలబెట్టి వచ్చేశాం. ఆ తలుపు అవతల ఇనపకడ్డీ పట్టుకుని నిలబడ్డవాడు దొంగ కాదు, దోపిడీగాడు కాదు, సొంత అన్న. రేవులో క్రేను నడుపుకునేవాడు. చిన్నప్పుడు చెల్లెలి జడ లాగి ఏడిపించడం తప్ప చీమకు కూడా హాని చేసి ఎరగడు. అలాంటివాడు ఈ మధ్యాహ్నం గేటు దగ్గర కాపలావాడి తల పగలగొట్టి లోపలికి వచ్చాడు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఊళ్ళో ఊపిరితిత్తులను తినేసే జ్వరం పడింది. గాజుపళ్ళేల్లో మనుషుల కణాలు పెంచి, వాటి మీద పొద్దస్తమానం మందుచుక్కలు వేసి చూడడం ఈ అమ్మాయి ఉద్యోగం. అందుకే అన్న వెక్కిరింపుగా పెట్టిన 'చుక్క' అనే పేరు అసలు పేరును మింగేసి కూర్చుంది. ఆమే, ఆమెకు చదువు చెప్పిన సారూ కలిసి ఒక మందు తయారుచేశారు. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. జ్వరం తగిలిన మర్నాడే ఇస్తే మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్ళాడు. ఊరు ఊరంతా చేతులెత్తి మొక్కింది. తర్వాత, ఆలస్యంగా ఆసుపత్రికి చేరినవాళ్ళకు కూడా ఇచ్చారు. వాళ్ళు వరసగా పోయారు. రోగం ముదిరి పోయారులే అని అందరూ సర్దుకున్నారు. చుక్క సర్దుకోలేకపోయింది. తలుపేసుకుని పరీక్ష మీద పరీక్ష చేసింది, నిన్న సాయంత్రానికి నిజం తేలింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది వ్యవహారం.

ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నది చుక్క వదిన. తల్లి పోయిన ఇంట్లో చుక్కకు తల దువ్వి, జ్వరమొస్తే పక్కన పడుకుని, చదువు మానిపిస్తానన్న మొగుడితో నెలరోజులు మాట్లాడకుండా ఉండి, ఈ పిల్లను ఇంతదాన్ని చేసిన మనిషి. ఆమె కోసం మందు కావాలని అన్న వచ్చాడు. ఆమె కోసమే ఇవ్వనని చెల్లెలు తలుపేసుకుంది. ఇద్దరూ ఒకే మనిషిని బతికించాలని చూస్తున్నారు, కొట్టుకోబోతున్నది వాళ్ళిద్దరే.

"చుక్కా! తలుపు తియ్యి!"

"ముందు ఆ కడ్డీ కింద పడెయ్ అన్నా."

"మందియ్యి, పడేస్తా."

"అది మందు కాదు. ఇప్పుడు వదినకి అది విషం. ఒట్టు."

"పోయిన నెల ఏమన్నావే? మా మందుకి తిరుగు లేదు అన్నావా లేదా? మీ వదిన ఎదురుగానే అన్నావ్. అది విని వీధివీధంతా చెప్పుకుంది, మా ఆడపడుచు కనిపెట్టింది, మా ఆడపడుచు కనిపెట్టింది అని. ఇప్పుడు దాని దాకా వచ్చేసరికి విషమైపోయిందా?"

చుక్క ఆ మాట అన్నది నిజమే.  తలుపు గడియ మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.

కడ్డీ లేచింది. మొదటి దెబ్బకు గాజు సాలెగూడులా చిట్లింది. రెండో దెబ్బకు సగం తలుపు లోపలికి కూలింది. ఆ గదిలో గాలి బయటికి పోకుండా లోపలికే లాగే యంత్రం ఉంటుంది. పగిలిన కంతలోంచి వరండాలోని గాలంతా బుస్సుమని దూరింది, బల్ల మీద చేతితొడుగుల అట్టపెట్టె ఎగిరిపడింది. గాజుపెంకులు చుక్క ముఖం మీదకు చిమ్మాయి. కనుబొమ పక్కన ఒకటి దిగింది. నెత్తురు కంట్లోకి కారింది.

"లోపలి గది తలుపు జోలికి మాత్రం వెళ్ళకు!" అని అరిచింది. "దాంట్లో బతికున్న వైరస్ ఉంది. పగిలిందంటే నువ్వూ, నేనూ, ఈ వీధీ ఎవరం ఉండం."

"మా ఆవిడ పోయాక ఈ వీధి ఉంటే నాకేంటి, పోతే నాకేంటి?"

పక్కగదిలోంచి సారు పరుగెత్తుకొచ్చారు. సన్నటి మనిషి, అరవై దాటాయి. జీవితంలో ఎవరిమీదా చెయ్యెత్తని ఆయన ఏమనుకున్నారో ఏమో, రెండు చేతులూ బార్లా చాపి ఫ్రీజరు ముందు అడ్డంగా నిలబడ్డారు. "బాబూ, ఒక్కమాట విను. కూర్చుని మాట్లాడదాం."

మాట్లాడుకునే దశ ఎప్పుడో దాటిపోయింది. కడ్డీ అడ్డంగా తిరిగి ఆయన ముంజేతిని తాకింది. ఎండుకట్టె విరిగిన చప్పుడయింది. చెయ్యి మోచేతికీ మణికట్టుకీ మధ్య కొత్తగా ఇంకో చోట వంగింది. సారు కేక కూడా వెయ్యలేదు. గోడకు జారగిలబడి, తన చేతినే ఎవరిదో చేతిలా చూసుకుంటూ కింద కూలబడ్డారు.

"సార్!" అని చుక్క వంగబోయింది. అన్న ఆమె కోటు కాలరు పట్టుకుని వెనక్కి గుంజాడు. ఆమె తల బల్ల అంచుకు తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఫ్రీజరు తాళంచెవి ఆమె మెడలో తాడుకు వేలాడుతుంది, ఆ సంగతి వాడికి తెలుసు. తాడు తెగేదాకా లాగాడు. మెడ చుట్టూ చర్మం కమిలి ఎర్రగా తేలింది.

ఇక్కడ మన చుక్కను మెచ్చుకోవాలి. కొట్టింది అన్నేనని ఏడుస్తూ కూర్చోలేదు. చేతికందిన స్టూలు ఎత్తి వాడి మోకాలి మీద బలంగా వేసింది. వాడు అబ్బా అని వంగాడు, తాళంచెవి జారింది. అది అందుకుని ఫ్రీజరు తలుపు లాగి పెట్టె తెరిచింది. పెట్టెలో రెండు సీసాలు ఉండాలి. ఒక్కటే ఉంది. రెండోది ఏమైందని ఆలోచించే తీరిక లేదు. ఉన్న ఒక్కదాన్నీ గుప్పెట్లో పట్టుకుని, చెయ్యి తలమీదికి ఎత్తింది.

"ఇంకొక్క అడుగు వేశావంటే దీన్ని నేలకేసి కొడతాను. ఇదే ఆఖరిది. ఆరునెలల దాకా ఇంకోటి తయారుకాదు."

వాడు ఆగాడు. మనిషికి ఎంత పిచ్చెక్కినా తన ప్రాణం ఎవరి గుప్పెట్లో ఉందో వాడికి తెలుస్తుంది.

"పగలగొట్టకు," అన్నాడు. గొంతు ఒక్కసారిగా పడిపోయింది. "పగలగొట్టకే, నీకు దండం పెడతా."

"కడ్డీ అలాగే పట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. నేను చెప్పేది మాత్రం విను. విన్నాక కూడా కావాలంటే చంపెయ్. ఆ బల్ల మీద ప్లేటు చూడు. ముట్టుకోవచ్చు. పరీక్ష అయ్యాక అందులో ఉన్నవన్నీ చంపి రంగు వేశాను, అంటదు."

అరచేయంత ప్లాస్టిక్ పళ్ళెం. అందులో వరసలు వరసలుగా చిన్న చిన్న గుంటలు. పై వరసలో గుంటలన్నీ నిండు ఊదారంగు. మధ్య వరసలో రంగు అక్కడక్కడ చిరిగి సగం సగం ఉంది. కింది వరసలో రంగన్నదే లేదు, కడిగిన గ్లాసులా ఖాళీ.

"రంగున్నచోట కణాలు పరీక్ష అయ్యేదాకా బతికినట్టు. లేనిచోట చచ్చి కడుక్కుపోయినట్టు. అన్నీ మనిషి ఊపిరితిత్తుల కణాలే. అన్నిటికీ వైరస్ అంటించాను, ముదిరేదాకా ఆగాను. పై వరసకి మందు వేశాను, బతికాయి. కింది వరసకీ అదే మందు, అదే కొలత. ఒక్కటి మిగల్లేదు."

"తేడా ఏంటి మరి?"

"పైవాటికి తిండి పెట్టాను. కిందివాటిని పస్తు పెట్టాను."

అన్న ముఖం చూస్తే ఏమీ అర్థమైనట్టు లేదు. చుక్క నెత్తురు మోచేత్తో తుడుచుకుంది. ఈ సంగతిని సారుకు నిన్న సాయంత్రం పది బొమ్మలు గీసి చెప్పింది. వీడికి అలా చెప్తే లాభం లేదు.

"కణానికి గోడ ఉంటుంది కదా, గోడకి బయట కాలింగ్ బెల్లుందనుకో. ఒంట్లో తిండి పడితే ఆ బెల్లు మోగుతుంది. అది విని లోపల ఒకడు ఇంకొకడికి, వాడు మరొకడికి కబురందిస్తారు. తిండొచ్చింది, బతుకు, పని చూసుకో అని. ఆ కబురు అందినంతసేపే కణం నిలబడుతుంది. కబురు పూర్తిగా ఆగిపోతే తనంతట తనే చచ్చిపోతుంది."

"దానికీ జ్వరానికీ ఏంటి?"

"వైరస్ లోపల దూరిందనుకో, కణం ఊరుకోదు. పక్కవాళ్ళకి అంటించకుండా నేనే చచ్చిపోతే పోలా అనుకుంటుంది. అంత మంచిది అది. కానీ అది చస్తే వైరస్‌కి నష్టం. ఇల్లే కూలిపోతే పిల్లల్ని ఎక్కడ పెడుతుంది? అందుకని బెల్లు జోలికే పోదు. లోపల కబురు చెప్పేవాడి పీక పట్టుకుని, వాడి గొంతుతోనే అరిపిస్తుంది. తిండొచ్చింది, బతుకు, చావకు, ఇంకా ఇంకా పని చెయ్యి అని. పిచ్చి కణం నిజమే అనుకుని రాత్రింబవళ్ళు చాకిరీ చేసి వైరస్ పిల్లల్ని తయారుచేసి పెడుతుంది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటాయన గొంతుతోనే కేకలేసే దొంగను ఎవరు పట్టగలరు? చుక్కా సారూ పట్టామనుకున్నారు. ఆ పీక మీది చేతిని ఊడదీసే మందు కనిపెట్టి, గెలిచామనుకున్నారు.

"ఊడదీస్తే మంచిదే కదా?" అన్నాడు అన్న. "వాడి చెయ్యి తీసేస్తే పీడ పోయినట్టే కదా?"

"తిండి తినేవాడికి పీడ పోయినట్టే. బయట బెల్లు మోగుతూనే ఉంటుంది, అసలు కబురు అందుతూనే ఉంటుంది. దొంగ పోయినా ఇల్లు నిలబడుతుంది. వదిన అన్నం ముట్టి ఎన్నాళ్ళయిందన్నా?"

అన్న ఖాళీ చేతి వేళ్ళు మడుస్తూ వారం దాకా లెక్కపెట్టాడు.

"ఆసుపత్రిలో ఏం ఎక్కిస్తున్నారు? ఉప్పునీళ్ళు. గ్లూకోజు సీసాలు అయిపోయి చాలా రోజులైంది. వదిన ఒంట్లో బెల్లు ఎప్పుడో ఆగిపోయింది. ఆ ఊపిరితిత్తులు ఇవాళ నిలబడి ఉన్నాయంటే, ఆ దొంగ వెధవ అరుపు వినే నిలబడి ఉన్నాయి. ఇప్పుడు వాడి నోరు నొక్కేస్తే..."

"ఇంత చదువుకున్నవాళ్ళు మీరు. ఇది ముందు తెలీదా?"

ఇదే అసలు ప్రశ్న. జవాబు చెప్పడానికి చుక్కకు సిగ్గేసింది, అయినా చెప్పింది. ఆ ప్రయోగశాలలో ఒక అలవాటుంది. పొద్దున రాగానే ముందు పళ్ళేల్లో పాత ద్రవం తీసేసి, పశువుల నెత్తుటినుంచి తీసిన సీరం కలిపిన కొత్త ద్రవం పోస్తారు. కణాలకు అది పంచభక్ష్య పరమాన్నం. అది పోశాకే ఏ పరీక్షైనా మొదలుపెడతారు. పళ్ళు తోముకోకుండా కాఫీ తాగనట్టే, అది పోయకుండా మందు వెయ్యరు. ఇన్నేళ్ళలో ఒక్కరికీ అనుమానం రాలేదు, వాళ్ళ పళ్ళేల్లో కణాలకు ఆకలంటే ఏమిటో తెలియదని. ఆకలి తెలియని కణాల మీద పరీక్షించిన మందును తీసుకెళ్ళి, వారం రోజులుగా మెతుకు ముట్టని మనుషులకు పొడిచారు.

"చేతులారా చంపాం," అంది చుక్క. "పదకొండు మందిని. నేనే పంపాను ఆ మందు."

అన్న పళ్ళెం ఎత్తి కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. పై వరస, కింది వరస, మళ్ళీ పై వరస. వాడి పెదవులు కదులుతున్నాయి.

"మా పాత క్రేనుంది చూడు," అన్నాడు చివరికి, ఎవరితోనో చెప్తున్నట్టు. "దానికి కాలి బ్రేకు. సరుకు పైకెత్తాక బ్రేకు తొక్కి పట్టుకోవాలి. కాలు తీశావంటే సరుకు కిందే. అంటే మీ వదిన... సరుకు గాల్లో వేలాడుతోంది. బ్రేకు మీద ఉన్నది దొంగ కాలు."

"ఆఁ."

"వాణ్ణి ముందు లాగేస్తే సరుకు పడిపోద్ది. ముందు మన కాలు బ్రేకు మీద పెట్టాలి. ఆ తర్వాత వాణ్ణి లాగాలి."

"అంతే అన్నా. గ్లూకోజూ, ఇన్సులినూ కలిపి ఎక్కిస్తే బెల్లు మళ్ళీ మోగుతుంది. అప్పుడు కావాలంటే మందిద్దాం. ఆ మధ్య వరస చూడు, పస్తున్నవే, మందు వెయ్యనివి. సగం బతికాయి. అంటే మందు లేకపోయినా వదినకి సగం ఆశ ఉంది. నేనిస్తే ఆ సగం కూడా పోతుంది. అందుకే ఇవ్వనన్నాను. వదినమీద కోపంతో కాదు, నీమీద కోపంతో కాదు."

కడ్డీ నేలమీద పడింది. అన్న గాజుపెంకుల మధ్యనే చతికిలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని భోరుమన్నాడు. ఎవరైనా వింటారన్న సిగ్గుకూడా లేకుండా ఏడ్చాడు. చుక్క ఎత్తిన చెయ్యి దించింది. చంకలోంచి చెమట కారుతోంది, మెడ మండుతోంది. అయినా ఎక్కడో చిన్న తేలిక. గండం గడిచిందనుకుంది వెర్రిబాగుల్ది.

"అమ్మా," అన్నారు సారు, గోడ దగ్గర్నుంచి.

ఇద్దరూ అటు తిరిగారు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది. విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నారు.

"మొదటి సూది పొద్దున పడిపోయింది. నా దగ్గరున్న ఇంకో తాళంచెవితో సీసా తీసి నేనే ఇచ్చాను."

చుక్కకు రెండో సీసా ఏమైందో అర్థమైంది.

"నిన్న సాయంత్రం మీకంతా చెప్పాను కదా సార్," అంది.  "ఈ ప్లేటే చూపించాను కదా."

"ఒక్క ప్లేటమ్మా. ఒక్క ప్లేటు చూసి ముప్ఫై ఏళ్ళ పనిని ఎలా పారేసుకోను? నువ్వెక్కడో పొరబడ్డావనుకున్నాను. మీ వదిన లేచి కూర్చుంటే నువ్వే సంతోషిస్తావనుకున్నాను. నీ మంచికే..."

మాట పూర్తికాలేదు. అన్న దూకాడు. సారు పీక రెండు చేతులా దొరకబుచ్చుకుని ఆయన తలను గోడకేసి బాదాడు. ఒకసారి. రెండుసార్లు. కళ్ళజోడు పగిలింది. విరిగిన చెయ్యి కింద నలిగి ఆయన గొంతులోంచి ఏదో జంతువు అరుపు వచ్చింది. "నీ ముప్ఫై ఏళ్ళ కోసం నా పెళ్ళాన్ని చంపుతావురా! నీ ప్లేటు తప్పో ఒప్పో చూసుకోడానికి నా పెళ్ళామే దొరికిందా నీకు!"

చుక్క గ్యాస్ సిలిండరు విప్పే స్పానరు అందుకుని అన్న భుజం మీద కొట్టింది. వదల్లేదు. ఇంకోసారి, అదే చోట, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. అన్న చెయ్యి చచ్చుబడి జారింది. సారు దగ్గుతూ పక్కకు ఒరిగారు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమెకు ఆపబుద్ధి కాలేదు. కొట్టనీ అనిపించింది. వదిన గుర్తొచ్చి ఆపింది.

"ఆయన్ని చంపితే వదిన బతుకుతుందా? లే! ఒక్క సూదే పడింది. రెండోది పడలేదు, నా చేతిలోనే ఉంది. పళ్ళెంలో కూడా మొదటిదానికే అన్నీ ఒక్కసారి పోలేదు, సాయంత్రం దాకా పట్టింది. ఇంకా టైముంది. గ్లూకోజు ఇక్కడ డబ్బాల్లో ఉంది, ఇన్సులిన్ చల్లగదిలో ఉంది. తీసుకుని పరుగెత్తుదాం. లే అన్నా!"

వాడు లేచాడు. లేచి, బుద్ధిగా, చిన్నపిల్లాడిలా, "ఏం పట్టుకోమంటావ్?" అని అడిగాడు.

చుక్క చల్లగది తలుపు తెరిచింది. నిలువెత్తు మనిషి నడిచి వెళ్ళేంత గది, ఇనప తలుపు, బయట గడియ. లోపల అరల మీద సీసాలు. ఒక కాలు లోపల పెట్టిందో లేదో, అన్న జేబులో ఫోను మోగింది.

ఆసుపత్రి నర్సు. ఆవిడ గొంతు చేతిలో ఫోను దాటి గదంతా వినపడింది. "ఏమండీ, ఎక్కడున్నారు? మీ ఆవిడకి జ్వరం దిగిపోయింది! లేచి కూర్చుంది. ఇదుగో, మాట్లాడతానంటోంది."

తర్వాత వదిన గొంతు. వారం రోజులుగా ఎవరూ వినని గొంతు. "ఏమయ్యా, ఎటు పోయావ్? మంచం పక్కన చూస్తే లేవు. నేను బానే ఉన్నా. ఆకలైతే లేదు గానీ ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది. చుక్క దగ్గరున్నావా? దాన్నేమీ అనకు. దాని మందేగా ఇది."

 అన్న నవ్వాడు. ఏడుస్తూనే పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "విన్నావా?" అన్నాడు. "విన్నావా చుక్కా? లేచి కూర్చుంది!"

"ఫోను ఇలా ఇయ్యి అన్నా. నర్సుతో చెప్పాలి. సిస్టర్! సిస్టర్, మేం గ్లూకోజు తెస్తున్నాం, వెంటనే..."

అన్న ఫోను వెనక్కి లాక్కుని కట్ చేశాడు.

"ఇంకా ఏంటి చెప్పేది? మందు పడింది, మనిషి లేచింది. కళ్ళెదురుగా కనపడట్లేదా?"

"పోయిన పదకొండుమందీ ముందు ఇలాగే లేచి కూర్చున్నారన్నా! వార్డువాళ్ళు నాతో చెప్పారు. దొంగ పోయాడు కాబట్టి జ్వరం పోయింది. బ్రేకు మీద ఎవరి కాలూ లేదు. తేలిగ్గా ఉందంటోంది చూడు, ఆకలి లేదంటోంది చూడు. సరుకు జారుతోందన్నా, అది జారుడే!"

"నోర్ముయ్!"

అయిదు నిమిషాల కిందట ఇదే మనిషి పళ్ళెం చేతిలో పట్టుకుని, ఆమెకంటే బాగా అర్థంచేసుకున్నాడు. ఇప్పుడు అర్థమైందంతా ఎక్కడికో పోయింది. పెళ్ళాం గొంతు ముందు పళ్ళెంలో రంగు ఏపాటిది? నేనైనా, మీరైనా ఆ గొంతునే నమ్ముతాం.

"రెండోది కూడా పడితే పూర్తిగా లేస్తుంది. సీసా ఇయ్యి."

"ఇవ్వను."

"చుక్కా."

"చంపినా ఇవ్వను."

వాడు ఆమె మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. గుప్పెట విడలేదు. చిటికెన వేలు పట్టుకుని వెనక్కి వంచాడు, అది టప్‌మంది. చుక్క కెవ్వుమంది, అయినా గుప్పెట విడలేదు. వాడు ఏడుస్తూ పక్కవేలు పట్టుకున్నాడు. "వదిలెయ్యవే, వదిలెయ్యి, నీ కాళ్ళకి మొక్కుతా," అని బతిమాలుతూనే దాన్నీ విరిచాడు. సీసా వాడి చేతిలోకి జారింది. ఆమె పళ్ళతో వాడి ముంజెయ్యి పట్టుకుంది. వాడు విదిలించి, గుండెలమీద చెయ్యి వేసి ఒక్క తోపు తోశాడు. చుక్క వెళ్ళి చల్లగది అరలకు కొట్టుకుంది. సీసాలు నెత్తిమీద పడ్డాయి. ఇనప తలుపు ధడాలున మూసుకుంది, అవతల గడియ పడిన చప్పుడు వినపడింది.

కుంటుకుంటూ పరుగెత్తుతున్న వాడి అడుగులు. పగిలిన గాజు మీద కరకరలు. తర్వాత ఏమీ లేదు.

ఆమె లేచి తలుపు మీద పడింది. బాగున్న చేత్తో బాదింది. తలుపులో అరచేయంత గాజుకిటికీ ఉంది. అందులోంచి బల్ల మీద తన ఫోను కనిపిస్తోంది, ఊదారంగు పళ్ళెం కనిపిస్తోంది. గోడ పట్టుకుని మెల్లగా లేస్తున్న సారు కనిపిస్తున్నారు.

"సార్! గడియ తియ్యండి! రెండోది పడితే ఇంక ఏం ఎక్కించినా లాభం ఉండదు. వాడు ఆసుపత్రికి చేరేలోపు ఫోన్ చెయ్యాలి. సార్!"

ఆయన ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చారు. నుదుటినుంచి నెత్తురు మీసంలోకి కారుతోంది. గడియ మీద చెయ్యి వేశారు. ఇనుము కదిలిన చిన్న చప్పుడు కూడా చుక్కకు వినపడింది. ఆమె తలుపుకు భుజం ఆనించి తొయ్యడానికి సిద్ధంగా నిలబడింది.

తలుపు తెరుచుకోలేదు. సారు తల తిప్పి బల్ల మీది పళ్ళెం వైపు చూస్తున్నారు.

"లేచి కూర్చుందన్నారుగా అమ్మా," అన్నారు మెల్లగా. ఆయన గొంతులో కోపం లేదు, పాఠం చెప్పేటప్పుడు ఉండే ఓపిక ఉంది. "ఎవరికి తెలుసు? నీ ప్లేటే తప్పేమో. ఆ రెండోది కూడా పడనీ. పడితే గానీ తెలీదు."

గడియ తియ్యకుండానే దాని మీంచి చెయ్యి తీశారు. ఆ చేత్తోనే పక్కన పడి ఉన్న స్టూలును నిలబెట్టి, దగ్గరికి లాక్కుని, చుక్క కళ్ళకు ఎదురుగా కూర్చున్నారు.